అడుగున బోసిపోయిన మొక్కల కంచెను మళ్లీ గుబురుగా పెంచాలంటే

ప్రహరీ వెంట వేసిన డురంటా కంచె పదేళ్లు దాటేసరికి ఒకే తీరుగా ముసలిదవుతుంది. పైన రెండు మూడు అంగుళాల మందాన పచ్చటి గొడుగు ఉంటుంది. దాని కింద ఆకు లేని కర్రలు, ఆ కర్రల సందుల్లోంచి వీధి కనిపిస్తాయి. గోరింట కంచె, మందార కంచె, కామిని కంచె కూడా ఇంతే. చాలామంది దీన్ని ఎరువు లోపమనుకుని యూరియా చల్లుతారు. దాంతో పైగొడుగు ఇంకా దట్టమై, అడుగుకు దక్కే కాస్త వెలుతురు కూడా పోతుంది. ఇలాంటి కంచెకు కావలసింది ముందు గట్టి కోత. ఎరువు సంగతి ఆ తర్వాత.

కొమ్మ చివరి మొగ్గలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను కిందికి దిగుతూ పక్క కళ్లను, అంటే కొమ్మ మీద చిగురు పుట్టే మొగ్గలను, నిద్రపుచ్చుతుంది. చివర తుంచగానే, కోతకు సరిగ్గా దిగువన ఉన్న రెండు మూడు కళ్లు ముందు మేల్కొంటాయి. వాటికి బాగా కింద ఉన్నవి అలాగే పడుకుంటాయి. ఏళ్ల తరబడి నాలుగడుగుల ఎత్తులో గీత గీసినట్టు కత్తిరిస్తే చిగుళ్లన్నీ ఆ నాలుగడుగుల దగ్గరే పుడతాయి. పైభాగం వెడల్పవుతుంది, కింద నీడ కమ్ముతుంది, నీడలో పడిన ఆకులు ఒక్కొక్కటే రాలిపోతాయి. అడుగున చిగుళ్లు రావాలంటే అడుగునే కోయాలి, అక్కడికి ఎండ తగలాలి.

కోతకు ముందు లోపలికి చూడండి

రెండు చేతులతో కొమ్మలు విడదీసి మొదళ్ల దాకా చూడండి. ప్రతి మొక్క మొదలు మీదా గోటితో చిన్న గీత గీయండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కింద గీసి చూడండి. నేల దగ్గర కూడా ఎండిపోయి ఉంటే ఆ మొక్క చనిపోయినట్టే. దానికి రంగు గుడ్డపీలిక కట్టి ఉంచండి, ఖాళీలు పూరించేటప్పుడు అవసరమవుతుంది.

ఎండ ఎన్ని గంటలు పడుతోందో కూడా గమనించండి. పక్కన వేపో మామిడో పెరిగి రోజుకు నాలుగు గంటల ఎండ కూడా అందకపోతే, పసుపు రంగు డురంటా ఎంత కోసినా గుబురు కట్టదు, దాని పసుపు రంగు పోయి ఆకుపచ్చగా మారుతుంది. ముందు చెట్టు కింది కొమ్మలు తీయించండి. అది కుదరకపోతే, కాస్త నీడను ఓర్చుకునే కామినికి మారడం మేలు.

కంచెలో అల్లుకున్న తీగలన్నీ ముందే లాగేయండి. తిప్పతీగ, అడవి దొండ ఎక్కువగా ఉంటాయి. వీటికన్నా ప్రమాదకరమైనది బంగారు తీగ. ఆకు లేకుండా పసుపు దారంలా చుట్టుకుని కంచె రసం పీల్చి బతుకుతుంది. దాన్ని చేత్తో పీకి పక్కన పడేస్తే లాభం లేదు, మిగిలిన చిన్న ముక్క చాలు మళ్లీ అంటుకోవడానికి. అది చుట్టుకున్న కొమ్మలతో సహా కోసి సంచిలో వేసి దూరంగా పారేయండి. కంపోస్టు గుంతలో మాత్రం వేయకండి.

చెయ్యి పెట్టేముందు పొడవాటి కర్రతో కంచెను తట్టండి. కందిరీగల తుట్టెలు, పాములు ఉండవచ్చు. పాత ముళ్ల తీగ, గేటు లైటుకు వెళ్లే కరెంటు తీగ కొమ్మల్లో కలిసిపోయి ఉండడం మామూలే. మెయిన్ ఆపి, తీగ ఎటు పోతోందో చూసుకున్నాకే రంపం పట్టండి. పిగిలిపిట్టలు కంచెల్లో గూళ్లు కట్టుకుంటాయి. గుడ్లో పిల్లలో కనిపిస్తే ఆ గూటికి అటూ ఇటూ మూడేసి అడుగులు వదిలి మిగతాది కోయండి. నెల తిరిగేసరికి పిల్లలు ఎగిరిపోతాయి, అప్పుడు ఆ ముక్క పూర్తి చేయవచ్చు.

ఏ మొక్క ఎంత కోతను తట్టుకుంటుంది

డురంటా, గోరింట, మందార, కాగితం పూలు, గన్నేరు, సీమచింత ముదురు కర్ర నుంచి కూడా చిగురిస్తాయి. ఆరోగ్యంగా ఉంటే వీటిని ఒకేసారి మోడు చేయవచ్చు.

నూరువరహాలు, కామిని కూడా చిగురిస్తాయి కానీ నిదానం. వీటిని రెండు మూడేళ్లలో విడతలుగా కోయాలి. వాక్కాయ కంచె నుంచి కాయలు కూడా కావాలనుకుంటే, కాయ కోత అయ్యాకే కత్తెర పట్టండి.

తూజా సంగతి వేరు. నర్సరీల్లో దీన్ని మోర్‌పంఖి అంటారు. ఆకు రాలిన కర్ర దాకా కోస్తే ఇది ఇక చిగురించదు. లోపల ఎండిపోయిన తూజా వరసను బతికించాలని చూడడం వృథా శ్రమ, తీసేసి కొత్తవి వేసుకోవడమే దారి. సరుగుడు కంచెను కూడా పచ్చగా ఉన్న భాగంలోనే కత్తిరించాలి.

ఎప్పుడు కోయాలి

మోడు చేసిన మొక్కకు ఆకు ఉండదు. కొత్త చిగురుకు కావలసిన తిండంతా వేళ్లలో, కర్రలో దాచుకున్న పిండి పదార్థం నుంచే రావాలి. చిగుళ్లు వచ్చాక వాటికి తేమ, ఓ మోస్తరు ఎండ కావాలి. ఈ రెండూ కలిసొచ్చేది నైరుతి వానల మొదట్లో. మృగశిరలో రెండు మూడు మంచి వానలు పడి నేల అడుగు లోతు తడిశాక, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో, అంటే జూన్ చివర నుంచి జూలై మధ్య దాకా కోయండి. నెల్లూరు, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల మీద ఆధారపడ్డ చోట్ల సెప్టెంబరు చివరి వారం, అక్టోబరు మొదటి వారం మేలు. నీటి వసతి బాగా ఉంటే ఫిబ్రవరి మధ్యలో కూడా కోయవచ్చు, కానీ ఆ వేసవంతా తడి తప్పకూడదు.

రోహిణి కార్తెలో మాత్రం కత్తెర ముట్టుకోకండి. ఇన్నేళ్లూ నీడలో ఉన్న మొదళ్ల బెరడు ఆ ఎండకు కాలి పగులుతుంది. పగుళ్లలోంచి చీడలు, తెగుళ్లు లోపలికి చేరతాయి.

గత వేసవిలో నీళ్లు లేక బాగా వడిలిన కంచెకు ఒక వానాకాలం విశ్రాంతి ఇవ్వండి. ఎరువు, నీరు ఇచ్చి, ఆకు నిండాక మరుసటి ఏడు కోయండి. నిల్వలు ఖాళీ అయిన మొక్కను మోడు చేస్తే ఒకసారి చిగురు వేసి ఎండిపోతుంది.

పనిముట్లు

వేలు మందం వరకు సికేచర్ (ఒంటి చేత్తో పట్టే కొమ్మల కత్తెర), అంగుళం వరకు లాపర్ (పొడవు పిడుల కత్తెర), అంతకు మించితే వంపు రంపం వాడండి. పెద్ద తోట కత్తెర, కరెంటు ట్రిమ్మర్ ఈ దశలో పనికిరావు. లేత కొమ్మల కోసం చేసినవి కాబట్టి ముదురు కర్రను నలిపేస్తాయి, నలిగిన చోట కుళ్లు మొదలవుతుంది. కొడవలితో నరికినా ఇంతే, మోడు నిలువునా చీలుతుంది. తోలు చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. మొక్క మారినప్పుడల్లా బ్లేడును స్పిరిట్ గుడ్డతో తుడవండి.

కోత

కంచె చివరికి ఎంత ఎత్తు ఉండాలో ముందు తేల్చుకోండి. నాలుగడుగులు కావాలంటే ఇప్పుడు అడుగున్నర ఎత్తులో కోయాలి. మనసొప్పక మూడడుగుల దగ్గర ఆపేసేవాళ్లే ఎక్కువ. అలా ఆపితే చిగుళ్లు మూడడుగుల దగ్గరే వస్తాయి, కింద బోసి బోసిగానే ఉంటుంది, రెండేళ్ల తర్వాత మళ్లీ ఇదే పని చేయాల్సి వస్తుంది.

రెండు చివర్లా మేకులు పాతి అడుగున్నర ఎత్తులో తాడు బిగించండి. ముందు చచ్చిన కొమ్మలన్నీ తీసేయండి. తర్వాత ఒక్కో మొక్కలో బోదెలు లెక్కపెట్టండి. పది పన్నెండు ఉంటే, అన్నిటికన్నా లావుగా, ముదురుగా ఉన్న మూడు నాలుగింటిని నేలకు రెండంగుళాల ఎత్తులో కోసేయండి. అక్కడి నుంచే కొత్త పిలకలు లేచి అడుగు నింపుతాయి. మిగిలిన బోదెలను తాడు ఎత్తుకు కోయండి. కన్ను కనిపిస్తే దానికి అర అంగుళం పైన, వాన నీరు జారిపోయేలా కాస్త ఏటవాలుగా కోత పెట్టండి.

లావు కొమ్మను పై నుంచి ఒకే కోతతో కోస్తే, చివర్లో బరువుకు విరిగి బెరడు పొడుగునా చీరుకుపోతుంది. అందుకే కోయాల్సిన చోటికి అరడుగు పైన, ముందు అడుగు వైపు నుంచి మూడో వంతు మందం కోసి, ఇంకో అంగుళం పైన పై నుంచి కోయండి. కొమ్మ పడిపోయాక మిగిలిన మోడును అసలు చోట శుభ్రంగా కోయండి.

అంగుళం దాటిన గాయాలకు బోర్డో పేస్టు పూయండి. వంద గ్రాముల మైలుతుత్తాన్ని అర లీటరు నీటిలో, వంద గ్రాముల సున్నాన్ని ఇంకో అర లీటరులో విడివిడిగా కరిగించి, వడకట్టి, మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలో నెమ్మదిగా పోస్తూ కలపాలి. ప్లాస్టిక్ బకెట్టు వాడండి, ఇనుప పాత్ర వద్దు. శుభ్రమైన ఇనుప చాకును అందులో నిమిషం ముంచి తీస్తే రాగి రంగు పట్టకూడదు. పడితే ఇంకాస్త సున్నం కలపండి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడేయాలి.

విడతలుగా కోయాల్సిన నూరువరహాలు, కామిని కంచెల్లో, మొదటి ఏడు పైభాగం దించి, ఒక పక్క కొమ్మలను బోదెకు అరడుగు దూరం దాకా కోయండి. రెండో పక్క ముట్టుకోకండి. ఆ ఆకులే మొక్కను పోషిస్తాయి. కోసిన పక్క అరడుగు చిగురు వేశాకే, సాధారణంగా మరుసటి వానాకాలంలో, రెండో పక్క కోయండి.

కోసిన కంప విషయంలో జాగ్రత్త. డురంటా కాయలు, ఆకులు విషం. గన్నేరులో ప్రతి భాగమూ విషమే. మేకలకు, పశువులకు వేయకండి, పిల్లల చేతికి అందనివ్వకండి. గన్నేరు కంపను తగలబెట్టకండి, ఆ పొగ కూడా హాని చేస్తుంది.

కోత తర్వాత ఎరువు, నీరు

కోసిన వారంలోపు మొదళ్లకు అడుగు దూరం నుంచి మట్టిని మూడంగుళాల లోతున గుల్ల చేయండి. మరీ లోతుగా తవ్వితే పీచు వేళ్లు తెగుతాయి. ప్రతి మూడడుగుల పొడవుకు 5 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 200 గ్రాముల వేప పిండి కలపండి. పచ్చి పేడ వేస్తే చెదలను పిలిచినట్టే. పైన రెండు మూడంగుళాల మందాన ఎండుటాకులో వేరుశనగ పొట్టో పరవండి, కానీ మొదళ్లకు నాలుగంగుళాలు ఎడంగా ఉండాలి.

చిగుళ్లు నాలుగంగుళాలు పెరిగే దాకా రసాయన ఎరువులు వద్దు. ఆ తర్వాత మూడడుగులకు 20 గ్రాముల యూరియా, తడి నేలలో ఒక్కసారి చాలు. లేదంటే లీటరు నీటికి 5 గ్రాముల 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండి నీటిలో కరిగే ఎరువు) కలిపి పదిహేను రోజుల తేడాతో రెండుసార్లు పిచికారీ చేయండి. అంతకు మించితే చిగురు మెత్తగా, పొడుగ్గా సాగి వాలుతుంది, పిండినల్లి చేరుతుంది.

నీరు ఇచ్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. ఆకులు లేని మొక్క నీళ్లు చాలా తక్కువ తాగుతుంది. మునుపటిలాగే రోజూ గొట్టం పెడితే వేళ్లు కుళ్లుతాయి. వానలు లేకపోతే ఎర్ర నేలలో మూడు నాలుగు రోజులకోసారి, నల్ల నేలలో వారానికోసారి సరిపోతుంది. చిగుళ్లు అడుగు దాటాక పెంచుకోవచ్చు.

చివుళ్లు తుంచడం

కంచె గుబురు అయ్యేదీ కానిదీ ఇక్కడే తేలుతుంది. మొదటి కోత ధైర్యంగా చేసినవాళ్లు కూడా, రెండు మూడు వారాల్లో చిగుళ్లు లేచాక ఆ పచ్చదనానికి మురిసి వాటిని అలాగే వదిలేస్తారు. మూడు నెలల్లో అవి నాలుగడుగుల బెత్తాలవుతాయి, కంచె మళ్లీ మొదటికొస్తుంది.

చిగుళ్లు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు రాగానే సగానికి తుంచండి. ఒక్కో దాని నుంచి రెండు మూడు కొమ్మలొస్తాయి. అవి మళ్లీ ఆరంగుళాలు కాగానే సగానికి తుంచండి. కంచె ఎత్తు ఒక్కో విడతకు నాలుగైదు అంగుళాలకు మించి పెరగనివ్వకండి. ఈ లెక్కన డురంటా, గోరింట నాలుగడుగులకు చేరడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. కామిని, నూరువరహాలకు రెండు మూడేళ్లు. నెమ్మదిగా ఎక్కిన కంచెకే అడుగు నుంచి ఆకు ఉంటుంది.

మొదటి తుంచడం నుంచే ఆకారం కూడా దిద్దండి. అడుగు వెడల్పుగా, పైభాగం సన్నగా ఉండాలి. నాలుగడుగుల కంచెకు అడుగున రెండున్నర అడుగులు, పైన అడుగున్నర. నిట్టనిలువు గోడలా కత్తిరిస్తే చూడ్డానికి చక్కగానే ఉంటుంది, కానీ చెయ్యి అందే పైభాగం ప్రతిసారీ కాస్త బయటికి మిగిలి, రెండేళ్లలో పుట్టగొడుగు ఆకారానికి వస్తుంది. కన్ను మోసపోకుండా, ఈ కొలతలకు రెండు వెదురు బద్దలు ఏటవాలుగా కట్టి చట్రం చేసుకోండి, దాన్ని కంచెకు ఆనించి కోయండి.

పసుపు డురంటాలో అక్కడక్కడా ముదురు ఆకుపచ్చ కొమ్మ ఒకటి మిగతావాటికన్నా జోరుగా లేస్తుంది. ముచ్చటపడి ఉంచకండి. ఎండలో ఉన్నా అలా పచ్చగా వచ్చింది పాత రకానికి తిరిగిపోయిన కొమ్మ. పుట్టిన చోటికే కోసేయకపోతే మిగతా కంచెను మింగేస్తుంది.

ఖాళీలు పూరించడం

చనిపోయిన మొక్క చోట నర్సరీ నుంచి జానెడు మొక్క తెచ్చి పెడితే చాలాసార్లు బతకదు. పక్క మొక్కల వేళ్లు అప్పటికే ఆ చోటును ఆక్రమించి ఉంటాయి. అందుకని ముందు నేల అంటు ప్రయత్నించండి. పక్క మొక్కలో కింద వంగిన పెన్సిలు మందం కొమ్మను ఖాళీ వైపు వంచి, నేలకు తగిలే చోట అడుగు వైపు చిన్న గాటు పెట్టి, మూడు నాలుగు అంగుళాల లోతున పూడ్చి, పైన రాయి పెట్టండి. కొస బయటే ఉండాలి. తేమ తగ్గకుండా చూస్తే డురంటా, మందార కొమ్మలకు రెండు నెలల్లో వేళ్లు వస్తాయి. తల్లి నుంచి వెంటనే కోయనక్కర్లేదు, ఒక వానాకాలం తల్లి పాలు తాగనివ్వండి.

వంచడానికి కొమ్మ లేకపోతే అడుగున్నర పొడవు, వెడల్పు, లోతున గుంత తీసి, లోపలికి వచ్చిన పక్క వేళ్లను పారతో తెంచి, పాత మట్టి తీసేసి కొత్త మట్టి, ఎరువు సగం సగం నింపండి. ఏడాది దాటిన, కనీసం అడుగున్నర ఎత్తున్న మొక్కను పెట్టండి. రెండు మొక్కల మధ్య అడుగు దూరం చాలు. గోరింటకైతే పెన్సిలు మందం కర్రలు ఎనిమిది పది అంగుళాల పొడవున కోసి, మూడింట రెండొంతులు మట్టిలో ఉండేలా సంచుల్లో నాటుకుంటే కావలసినన్ని మొక్కలు ఇంట్లోనే తయారవుతాయి.

తేడా వచ్చినప్పుడు

ఆరు వారాలైనా చిగురు రాకపోతే మళ్లీ గోటితో గీసి చూడండి. పచ్చగా ఉంటే ఇంకో నెల ఆగండి, నీళ్లు తగ్గించండి.

చిగురు వచ్చి వాడిపోతే మొదలు దగ్గర తవ్వి చూడండి. వేళ్ల బెరడు చేతికి ఊడి వస్తే కుళ్లు. ఆ మొక్కను వేళ్లతో, చుట్టూ మట్టితో సహా తీసేయండి, లేకపోతే వరసలో పక్కదానికి పాకుతుంది. 9 కిలోల చివికిన పశువుల ఎరువు, ఒక కిలో వేప పిండి, 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (కుళ్లు తెగుళ్లను అణచే మేలు బూజు పొడి) కలిపి, తడి చల్లి, గోనె కప్పి నీడలో వారం పది రోజులు ఉంచి, ఆ గుంతలోనూ పక్క మొక్కల మొదళ్లకూ వేయండి. నీరు నిలిచే చోటైతే ముందు కాలువ తీయాలి, అది చేయకుండా ఏ మందూ పని చేయదు.

నూరువరహాల లేత ఆకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లోనూ, గోడ కట్టినప్పటి సిమెంటు ముక్కలు మట్టిలో మిగిలిపోయిన చోటా ఇది తరచుగా కనిపిస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, పది రోజులకు మరోసారి చేయండి. సిమెంటు ముక్కలు ఏరేయకపోతే మళ్లీ వస్తుంది.

మందార లేత కొమ్మలు ముడుచుకుని తెల్ల పిండి పట్టినట్టుంటే పిండినల్లి. పట్టిన చివర్లు కోసి సంచిలో మూటకట్టి పారేయండి. మిగిలిన వాటికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేప నూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి ఆకుల అడుగున తగిలేలా వారానికోసారి మూడుసార్లు కొట్టండి. కొమ్మ మీద చీమల బారు కనిపిస్తే వాటి సంగతి కూడా చూడాలి, పిండినల్లిని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు చేర్చేది అవే. గోరింట చలికాలంలో ఆకు రాల్చితే మాత్రం కంగారు పడకండి, అది దాని తీరు.

ఎత్తుకు చేరాక

వానాకాలంలో మూడు నాలుగు వారాలకోసారి, చలికాలంలో ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి కత్తిరిస్తే చాలు. ఏప్రిల్, మే నెలల్లో పూర్తిగా ఆపేయండి. ఇప్పుడు తోట కత్తెర, ట్రిమ్మర్ నిశ్చింతగా వాడుకోవచ్చు. ప్రతిసారీ పాత కోతకు అర అంగుళం పైన కోస్తూ పొండి. మూడు నాలుగేళ్లకోసారి జూన్ చివర్లో ఆ గీతకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు దించి, పైన కట్టిన ముడులన్నీ పోయేలా సికేచర్‌తో కోయండి. అదే రోజు లోపలి ముదురు బోదెల్లో ఒకటి రెండింటిని నేల దగ్గరికి తీసేస్తే అడుగున కొత్త పిలకలకు చోటు దొరుకుతుంది.